సమస్య: ఓడ యోడిపోయె నోడలేక

తూనికరాయి (మోడరేటర్): నిన్న రాత్రి నా 74 ఫిరంగుల ఫ్రెంచి ఓడ మోడల్‌కి కింది అంతస్తు ఫిరంగులు అతికిస్తూ కూర్చున్నాను. 28లో 19వది దగ్గర జిగురు వేలికంటుకుంది. విదిలిస్తుంటే ఈ పాదం తట్టింది. ఓడల మీదే పూరించాలి, ఫ్రెంచివైతే మరీ మంచిది. ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అని మొదలెట్టేవాళ్ల పద్యం చదవకుండానే తీసేస్తా.

లంగరు: నా సొంత గోడు, అందుకోండి.

అడుగు ఫ్రెంచి దనక యాంగ్లేయు కొలతలో
చెక్క కోసి నేను చిక్కు పడితి
గొట్ట మటులె నిలిచె, గుమ్మమ్ము చాలదు!
ఓడ యోడిపోయె నోడలేక

ఫ్రెంచి నౌకాశిల్పి సానె 1782లో గీసిన తెమెరేర్ తరగతి ఓడ, పొడవు 172 ఫ్రెంచి అడుగులు. ఫ్రెంచి అడుగంటే 32.48 సెంటీమీటర్లు, ఇంగ్లీషుది 30.48. నలభై ఎనిమిదో వంతు మోడల్ 116 సెంటీమీటర్ల పైచిలుకు రావాలి, నాది 109 వచ్చింది. ఇత్తడి ఫిరంగులు మాత్రం సరైన ఫ్రెంచి కొలతవే కొన్నాను. గుమ్మమంటే గొట్టం బయటికి పెట్టే కిటికీ. పొట్ట చెక్కలు వేసేటప్పుడే తప్పు తెలిసింది. విప్పడానికి మనసొప్పలేదు. నేను ఓడలేక, పోటీలో ఓడ ఓడిపోయింది. విరుపు గమనించగలరు.

గణయంత్రం: విరుపు సరే. "అడుగు ఫ్రెంచి" దగ్గర "గు" సంగతేమిటి? వెనక సంయుక్తం. గురువైపోయింది, మొదటి గణమే గోవిందా.

లంగరు: రెండూ విడి మాటలు సార్, సమాసం కాదు. ఊది పలికేది మీరొక్కరే.

కమల టీచర్: "గు" తేలికే. గణయంత్రంగారు ఉగాది సమస్యలోనూ ఇదే పేచీ పెట్టి ఇలాగే వెనక్కి తీసుకున్నారు.

గణయంత్రం: వెనక్కి తీసుకోలేదమ్మా, ఊరుకున్నాను.

యానాం అల్లుడు: గణాల మాట మీరు మీరు చూసుకోండి, నాకు ఫిరంగి దగ్గర అనుమానం. ఆరు శాతం తేడాకి గొట్టం గుమ్మంలో ఇరుక్కోదు లంగరు బావగారూ. కిటికీ మధ్యలోకి రాకుండా పై అంచు వైపు జరుగుతుంది, అంతే. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కానీ దూరుతుంది. అయినా కిందటి వినాయక చవితికి మీ సీసపద్యంలో 36 పౌన్ల గుండు "పదునారు కిలోలు" తూగింది, గుర్తుందా? ఫ్రెంచి పౌను 489 గ్రాముల పైమాట. గుండు పదిహేడున్నర కిలోలు దాటుతుంది. అప్పుడు తూకం ఇంగ్లీషుది, ఇప్పుడు అడుగూ ఇంగ్లీషుదే. మీరు బ్రిటిష్ ఓడలే కట్టుకుంటే హాయి కదా!

లంగరు: చవితి పద్యాన్ని ఇంకెన్నాళ్లు మోస్తారు? పద్యంలో అతిశయోక్తి నేరం కాదు. మీ పూరణం పెట్టండి, చూద్దాం.

యానాం అల్లుడు: ఇదిగో.

ఎముకతోడఁ జేసి రింగ్లండు ఖైదులో
చిన్న యోడ నొకటి సీమ మెచ్చ;
తమది యనఁగ నేది? దరిలేని కడలిలో
ఓడ యోడిపోయె, నోడ లేక!

1797లో తెరిచిన నార్మన్ క్రాస్ చెరలో ఫ్రెంచి ఖైదీలు తిండిలో వచ్చిన మాంసం ఎముకలు దాచుకుని, గీకి, యుద్ధనౌకల మోడళ్లు చేసి ఇంగ్లీషువాళ్లకే అమ్ముకున్నారు. కొన్నిటికి వెనక దారం లాగితే ఫిరంగులు లోపలికీ బయటికీ కదులుతాయి. మన ఇత్తడి ఫిరంగులు కదలవు సరికదా, అతకను కూడా అతకవు. నాలుగో పాదంలో "ఓడ లేక" అని విడగొట్టాను. తమ ఓడ పోయింది, ఓడ లేక ఎముకతో ఓడ చేసుకున్నారు.

తూనికరాయి: "సీమ మెచ్చ" దగ్గర ఆగిపోయాను. పట్టుకున్న సీమే మెచ్చుకుని కొనుక్కుంది! యతికి వచ్చిన మాటైనా పద్యమంతా దాని మీదే నిలబడింది.

కమల టీచర్: భావం నాకూ నచ్చింది. కానీ "కడలిలో" అని ఆపి "ఓడ" అని అచ్చుతో ఎత్తుకున్నారు. పచ్చి విసంధి. లంగరుగారు "చాలదు" అని వాక్యం ముగించారు గనక ఆయన్ని వదిలేశాను. మీది వాక్యం మధ్యలో పడింది. "లో నోడ" అనాలి.

లంగరు: టీచరుగారికి వెయ్యి దండాలు. మెచ్చుకుంటే ఒకళ్లే మెచ్చుకోవాలి.

కమల టీచర్: ఊరికే తప్పులు పడుతున్నానంటారని నాదీ పెడుతున్నా. మన తీరం కథే.

నాగపట్టణంపు నడిసంద్రమున నాఁడు
సిడము దించె నొకఁడు; చెలిమికాండ్రు
మరల నెత్తి రపుడె మంటలఁ గురిపించి
ఓడ యోడిపోయె నోడలేక

1782 జులై 6, ఫ్రెంచి నౌకాదళపతి సుఫ్రెన్ దండులోని ఓడ సెవేర్. ఇంగ్లీషువాళ్లతో పోరు మధ్యలో కెప్టెన్ లొంగిపోతున్నానని జెండా దించేశాడు. కింది అధికారులు ఒప్పుకోలేదు, మళ్లీ ఎగరేసి కాల్పులు సాగించారు. కెప్టెన్ లెక్కన ఓడ ఓడింది, అయినా ఓడలేకపోయింది. మీ పాదంలో ఒక్క అక్షరం విరవకుండా అర్థం కుదిరింది చూడండి. సుఫ్రెన్ తర్వాత ఆ కెప్టెన్ని కొలువు నుంచి తప్పించాడు.

యానాం అల్లుడు: "సిడము"కి నిఘంటువు తీయాల్సొచ్చింది. జెండా అట. విరుపులేమీ లేకుండా నెగ్గారు టీచరుగారూ, ఒప్పుకుంటున్నా. అయితే ఒక్క మనవి. "కురిపించి" అని ఆపి "ఓడ" అన్నారు. ఇది పచ్చిదా, పండిందా?

గణయంత్రం: హహహ! యడాగమం రావాలమ్మా. "కురిపించి యోడ."

లంగరు: ఇంకోటి. సెవేర్ 64 ఫిరంగులది. కింది అంతస్తులో 24 పౌన్లవే ఉంటాయి, 36 పౌన్లవి 74కీ ఆపైవాటికే. టీచరుగారు అంకె వేయలేదు గనక బతికిపోయారు.

కమల టీచర్: సరే, దిద్దుకుంటున్నా. "యోడ యోడిపోయె నోడలేక."

తూనికరాయి: అలా దిద్దితే అది నేనిచ్చిన పాదం కాదు!

కమల టీచర్: పాదం అచ్చుతో ఇచ్చి మమ్మల్ని గోతిలో దింపింది మీరే. వచ్చేవారం హల్లుతో ఇవ్వండి. ఇంతకీ ఆ 19వ ఫిరంగి అతికిందా?

తూనికరాయి: అతికింది టీచరుగారూ. మూతి లోపలికి.