పొగాకు వద్దనే ప్రభుత్వమే పొగాకును వేలం వేయించడం ఏ న్యాయం?

ప్రశ్న: కందుకూరు రైతుబిడ్డ

మాది కందుకూరు ప్రాంతం. 2022లో ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లా కిందికి మారాము కాని, మా నాన్నగారి పేరున ఉన్న వర్జీనియా పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) మాత్రం ఉన్నచోటే ఉంది. ఏటా ఎంత పండించాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, పండిన ఆకును బోర్డు వేలం కేంద్రానికే తీసుకుపోవాలి. ఆ బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద పనిచేస్తుంది. అదే కేంద్రంలోని ఆరోగ్య శాఖ సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయిస్తుంది, ఆర్థిక శాఖ పన్ను మీద పన్ను వేస్తుంది, పొగాకు వాడకాన్ని తగ్గిస్తామని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒడంబడికలో మాట ఇచ్చిందీ ఈ ప్రభుత్వమే.

పంట చెడ్డదైతే నిషేధించే అధికారం చేతిలో ఉండి ఎందుకు ఊరుకుంటున్నట్టు? చెడ్డది కాదనుకుంటే ధరకు పూచీ ఎందుకు పడదు? అంతర్జాతీయ ఒప్పందాల మీద సంతకం పెట్టేటప్పుడు మావంటివారిని అడగాలన్న నియమం ఏదైనా ఉందా? పార్టీల ప్రస్తావన లేకుండా, ప్రభుత్వ అధికారం ఎంతవరకో వివరించగలవారు ఉంటే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: ఒంగోలు మాస్టారు

బాబూ, మీ మూడవ ప్రశ్నతో మొదలుపెడతాను, మిగిలిన రెండింటికీ మూలం అక్కడే ఉంది. మన దేశంలో విదేశాలతో ఒప్పందం కుదుర్చుకోవడం కేంద్ర మంత్రివర్గం చేతిలోని పని. దానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. ఒప్పందాన్ని అమలు చేయడానికి చట్టం కావలసి వచ్చినప్పుడు మాత్రం రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకు ఎంత విశాలమైన అధికారం ఇచ్చిందంటే, రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయాల మీద కూడా అది చట్టం చేయవచ్చు. పొగాకు నియంత్రణ ఒడంబడికను భారతదేశం 2004 ఫిబ్రవరిలో ధ్రువీకరించింది, 2005 ఫిబ్రవరి 27న అది అమలులోకి వచ్చింది. రైతును అడగాలన్న నియమం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి అనుకోవద్దు. అమెరికా 2004లో సంతకం పెట్టి కూడా నేటికీ ధ్రువీకరించలేదు; అక్కడ అటువంటి ఒప్పందానికి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. బ్రెజిల్‌లోనూ చట్టసభ ఆమోదం అవసరం కాబట్టి, అక్కడి పొగాకు రైతులు గట్టిగా అడ్డుపడ్డారు. 2005లో ఆ దేశం ఒడంబడికలో చేరేనాటికి పొగాకు ప్రాంతాల్లో ఇతర పంటలను ప్రోత్సహించే జాతీయ కార్యక్రమాన్ని ప్రభుత్వం ప్రకటించక తప్పలేదు. చట్టసభ తలుపు దాటవలసిన చోట రైతు మాటకు విలువ వచ్చింది, మంత్రివర్గం గదిలోనే పని ముగిసిన చోట రాలేదు. విచిత్రమేమిటంటే, పొగాకు రైతులకు లాభసాటి ప్రత్యామ్నాయాలు కల్పించడాన్ని ప్రభుత్వాలు ప్రోత్సహించాలని అదే ఒడంబడిక 17వ అధికరణం చెబుతోంది. మనవారు హెచ్చరిక బొమ్మల అధికరణాన్ని అమలుచేసినంత శ్రద్ధగా దీన్ని అమలుచేయలేదని నా అభిప్రాయం. బొమ్మ వేయించడానికి ఖజానా నుంచి రూపాయి తీయనక్కరలేదు కదా.

ఇక బోర్డు సంగతి. 1975 చట్టం కింద 1976 జనవరి 1న అది ఏర్పడినప్పుడు ఉద్దేశం విదేశీ మారకద్రవ్యం; ఆనాడు పొగాకు మన ప్రధాన ఎగుమతుల్లో ఒకటి. అంతకుముందు కంపెనీల మనుషులు చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే ధర, డబ్బు వచ్చినప్పుడే వచ్చినట్టు. మన రాష్ట్రంలో 1985లో వేలం మొదలయ్యాకనే రైతుకు నిర్ణీత గడువులో డబ్బు అందడం అలవాటయింది. పొగాకు వద్దు కాబట్టి బోర్డునూ ఎత్తివేయాలని వాదించేవారు ఆ పాత రోజులను చూసి ఉండరు. పొగ తాగడాన్ని తగ్గించవలసిన బాధ్యత, కొనేవారు గుప్పెడుమంది ఉన్న సంతలో అమ్మేవాడిని కాపాడవలసిన బాధ్యత, రెండూ ప్రభుత్వానివే. రెండింటిలో ఏది కష్టమైతే దాన్ని పక్కకు పెట్టడమే తప్పు.

జవాబు: నెల్లూరు వకీలు

మాస్టారు గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. నిషేధించే అధికారం మీరు అనుకుంటున్నట్టు ఒకరి చేతిలో లేదు. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోది, ఎగుమతి కేంద్ర జాబితాలోది. పొగాకు పరిశ్రమను కేంద్రం తన అదుపులోకి తీసుకున్నప్పటికీ, ముడి పొగాకు అమ్మకం మీద రాష్ట్ర మార్కెట్ కమిటీలు రుసుము వసూలు చేయవచ్చునా అన్న వివాదం బీహారు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2002లో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 3-2 మెజారిటీతో చేయవచ్చునని తీర్పు చెప్పింది.

నిషేధం సంగతికి వస్తే, మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, ఖజానాకు గండి పడిందంటూ 1997లో దాన్ని సడలించారు. సారాను ఆపమని అడిగింది దానివల్ల నష్టపోయిన కుటుంబాలే. పొగాకు పండించవద్దని ఊళ్లలో అటువంటి ఉద్యమం లేదు, పైగా మనం మానితే ఆ ఎగుమతి బ్రెజిల్‌కో జింబాబ్వేకో పోతుంది.

జవాబు: కొండపి బ్యారన్

పెద్దలు చట్టాలు చెప్పారు, నేను వేలం కేంద్రం చెబుతాను. బేళ్లు వరుసగా పేర్చి ఉంటాయి, కొనుగోలుదారులు ఒక్కొక్క దాని దగ్గర ఆగి, ఆకు లాగి చూసి, వాసన చూసి, చేతిలోని యంత్రంలో ధర కొట్టి ముందుకు పోతారు. నెల రోజుల ముందు పుల్లలు కొని, రాత్రంతా బ్యారన్ వేడి చూసుకుంటూ కాల్చిన ఆకు మీద అర నిమిషంలో తీర్పు వస్తుంది. ఎవరూ కొట్టకపోతే అది నోబిడ్. బేలు మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి, ఆ కిరాయి మనదే. బ్రైట్ గ్రేడు ఎలాగోలా పోతుంది, ఏడిపించేది లోగ్రేడే.

ప్రభుత్వ అధికారం ఏమిటో నాకు తెలిసింది 2020 జూలైలో. లాక్‌డౌన్ తరువాత ధరలు పడిపోతుంటే రాష్ట్ర ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపింది. చట్టం మారలేదు, బోర్డు మారలేదు, వరుసలో ఇంకొక కొనుగోలుదారు నిలబడ్డాడు, అంతే. 2025లో బర్లీ అనే మరో రకం పొగాకు ధర పడిపోయినప్పుడు కూడా మార్క్‌ఫెడ్‌తోనే కొనిపించారు. బర్లీకి బోర్డు వేలం కూడా లేదు, కంపెనీ వద్దంటే దిక్కు లేదు. 2015లో వర్జీనియా ధరలు కూలి మా ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది ఇటువంటి కొనుగోలుదారు ముందుగానే నిలబడి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. 1975 చట్టంలోనే వర్జీనియా ఎగుమతికి కనీస ధరను కేంద్రానికి సిఫారసు చేసే పని బోర్డుకు ఉంది, నాకు మాత్రం అది కాగితం మీదనే కనబడుతోంది.

మళ్లీ కందుకూరు రైతుబిడ్డ

మాస్టారు గారికి, వకీలు గారికి, కొండపి అన్నకు కృతజ్ఞతలు. అన్న చెప్పినట్టు ప్రభుత్వం కొంటూ పోతే పంట ఎప్పటికి తగ్గుతుంది? తగ్గించడమే లక్ష్యమైతే పరిహారం ఇచ్చి బ్యారన్లు మూయించవచ్చును కదా. అలా ఎక్కడైనా చేశారా?

జవాబు: ఒంగోలు మాస్టారు

చేశారు. ఒడంబడికను ధ్రువీకరించని అమెరికాలోనే చేశారు. అక్కడ 1938 నుంచి ఉన్న పొగాకు కోటా విధానాన్ని 2004 చట్టంతో రద్దుచేసి, కోటా హక్కుదారుకు పౌనుకు మొత్తం 7 డాలర్లు, పండించే రైతుకు 3 డాలర్లు చొప్పున పదేళ్ల వాయిదాల్లో చెల్లించారు. ఆ సొమ్ము సామాన్యుడి పన్నుల నుంచి కాక పొగాకు కంపెనీల నుంచే వసూలు చేశారు. అయితే కోటాలు పోయినా పంట పోలేదు. ఇష్టమున్నవారు ధర పూచీ లేకుండానే పండించుకుంటున్నారు. మన దగ్గర సిగరెట్టు మీద వచ్చే పన్నులో కొంత భాగాన్ని అయిదారేళ్లు ఇందుకు కేటాయిస్తే మానదలచిన వారికి దారి దొరుకుతుంది. పొదిలి, కనిగిరి వైపు నీటి వసతి లేని నేలల్లో పొగాకు బదులు ఏమి వేయాలన్నది మాత్రం డబ్బుతో తీరే ప్రశ్న కాదు, వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వచ్చాక తేలవలసిన ప్రశ్న.

జవాబు: కొండపి బ్యారన్

మాస్టారూ, హక్కుదారుకు ఏడు, పండించినవాడికి మూడు అన్నారు చూశారా, మన దగ్గర ఆ మూడు ఎవరికి ఇస్తారు? లైసెన్సు ఒకరిది, బ్యారన్ అద్దెది, పొలం ఇంకొకరిది, పండించేది కౌలుదారు. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకే, అదీ భూ యజమాని సంతకం పెడితేనే. మా ఊళ్లో సంతకం పెట్టేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పరిహారం గురించి వినతిపత్రం రాసేవారు ముందు ఆ సంతకం నిబంధన తీసేయమని రాయండి, నేను కూడా వేలిముద్ర వేస్తాను.