పదిహేను వందల్లో ఇయర్‌ఫోన్: గుజరాతీ గల్లీకి పోవాలా, దసరా సేల్ దాకా ఆగాలా?

దిల్‌సుఖ్‌నగర్ బ్యాచ్:
అన్నలూ, అక్కలూ, ఈ ఒక్క విషయం తేల్చండి. రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలో కోచింగ్‌కి పోతాను. దారిలో క్లాసుల రికార్డింగులు వింటాను, కాసేపు పాటలు. ఉన్న ఇయర్‌ఫోన్ పాడైంది. బడ్జెట్ 1,500, గట్టిగా లాగితే 2,000. ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేదు, టైప్ సి ఒక్కటే. రూమ్మేట్ దసరా సేల్ దాకా ఆగు, సగానికి సగం తగ్గుతుంది అంటాడు. మా మామయ్యేమో కోఠి గుజరాతీ గల్లీకి పో, ఆన్‌లైన్‌లో దొరికేదే అక్కడ ఇంకా తక్కువకిస్తారు అంటాడు. ఎవరి మాట వినాలి?

గల్లీ భాయ్:
మామయ్య మాటే విను తమ్ముడూ. నువ్వెళ్లే లైన్‌లోనే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ ఉంది, దిగితే కోఠి నడిచిపోయేంత దూరం. నాలుగు షాపులు తిరుగు, ధర కనుక్కో, ఐదో షాపులో బేరం మొదలుపెట్టు. వస్తువు చేతిలో పట్టుకుని, నీ ఫోన్‌కి తగిలించి, విని కొంటావు. ఆన్‌లైన్‌లో ఐదు నక్షత్రాల రివ్యూలు ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఎవడికి తెలుసు? పైగా ఏదైనా తేడా వస్తే పోయి అడగడానికి ఒక మనిషి ఉంటాడు, చాట్‌లో బాట్ కాదు.

కూకట్‌పల్లి నుంచి:
పోయి అడగడానికి మనిషి ఉంటాడు, కరెక్టే, కానీ ఆయన ఏం చెప్తాడో కూడా చెప్పండి అన్నా. నేను అక్కడి ఒక షాపులో పేరున్న కంపెనీ ఇయర్‌బడ్స్ అని కొన్నాను, బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చారు, జీఎస్టీ బిల్లు కావాలంటే ఇంకో 18 శాతం అవుతుంది అన్నారు. కొన్నాళ్లకే ఎడమవైపుది మూగబోయింది. షాపుకి పోతే సర్వీస్ సెంటర్‌కి పొమ్మన్నారు, సర్వీస్ సెంటర్‌లో తిప్పి చూసి ఇది మా వస్తువే కాదు మేడమ్ అన్నారు. ఆ రోజు వాళ్ల ముందు నిలబడితే ఎంత చిన్నతనంగా అనిపించిందో. అప్పటి నుంచి నాకు ఆన్‌లైనే. కనీసం బిల్లు దానంతటదే మెయిల్‌కి వస్తుంది.

గల్లీ భాయ్:
అది ఫస్ట్ కాపీ అక్కా, అంటే అచ్చం ఒరిజినల్‌లా కనిపించే నకిలీ. గల్లీలో ఒరిజినల్ అమ్మేవాళ్లూ ఉన్నారు, ఫస్ట్ కాపీ అమ్మేవాళ్లూ ఉన్నారు, అడిగితే చాలామంది దాచకుండానే చెప్తారు. ఒక్కడు మోసం చేశాడని గల్లీ మొత్తాన్ని అంటే ఎట్ల?

మెట్రోలో వినేవాణ్ణి:
ఇద్దరికీ చెప్పాల్సింది నా దగ్గర చాలా ఉంది, కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు ఆ సగానికి సగం సంగతి. బడ్జెట్ ఇయర్‌బడ్స్ డబ్బా మీద ఎమ్మార్పీ 4,990 అని ఉంటుంది, ఏడాది పొడుగునా ఆ ధరకు ఒక్కరూ కొనరు, మామూలు రోజుల్లోనే 1,249కి అమ్ముతుంటారు, సేల్ రోజున 1,099 చేసి 78 శాతం తగ్గింపు అని వేస్తారు. నీకు నిజంగా మిగిలేది 150 రూపాయలు. దానికోసం దసరా దాకా చెవులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటావా? ధర ఎప్పుడెంత ఉందో గ్రాఫ్ వేసి చూపించే కీపా లాంటి సైట్లున్నాయి, లింక్ పెట్టి చూడు, సేల్ లేని రోజుల్లోనే అంతకు తక్కువకు వచ్చిన సందర్భాలు కనిపిస్తాయి. కార్డు డిస్కౌంట్ అంటారా, దానికి కనీస బిల్లు ఇంతుండాలని షరతు ఉంటుంది, నీ బడ్జెట్‌కి చాలాసార్లు అది తగలదు. ఇంకొకటి, ఇయర్‌ఫోన్ల మీద రీప్లేస్‌మెంట్ మాత్రమే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు. అంటే నచ్చకపోతే డబ్బు వెనక్కి రాదు, అదే మోడల్ ఇంకొకటి పంపిస్తారు. చెవికి సరిపడనిది మళ్లీ అదే వస్తే ఏం లాభం?

ఇప్పుడు గల్లీ. బిల్లు కావాలంటే 18 శాతం అదనం అనే మాటే తప్పు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద ఒక్క రూపాయి తీసుకోవడానికి లేదు. బేరం ఆడి తగ్గించిన ధర మీద పన్ను వేస్తాను అంటే అది వేరే లెక్క, ఆ మొత్తం కలిపి చూసుకుని కొనొచ్చా లేదా తేల్చుకో. డబ్బా మీద తయారుచేసినవాళ్లదో దిగుమతి చేసుకున్నవాళ్లదో పేరు, చిరునామా, నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ నంబర్ ఉండాలి, అది చట్టం. వైర్‌లెస్‌వైతే బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, దాని రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి. ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉంటుంది, షాపులో నిలబడే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టు. అది ఏ బ్రాండు మీద రిజిస్టర్ అయిందో వచ్చేస్తుంది. చేతిలో ఉన్నదానితో కలవకపోతే డబ్బా కింద పెట్టి బయటికి వచ్చెయ్. ఫోన్ దగ్గర పెట్టగానే స్క్రీన్ మీద ఆ బడ్స్ బొమ్మ వచ్చింది కాబట్టి ఒరిజినలే అనుకోవద్దు, కాపీలకూ ఆ బొమ్మ వస్తుంది.

నేను అడిగేది ఒక్కటే. ఏడాదిలోపు పాడైతే దాని బాధ్యత ఎవరిది, ఆ సంగతి కాగితం మీద ఉందా? ఉంటే గల్లీ అయినా ఆన్‌లైన్ అయినా మంచి బేరమే. లేకపోతే 500కి వచ్చినా అది చౌక కాదు.

టెక్కీ గచ్చిబౌలి:
బ్రో, ఇవన్నీ ఎక్కడ కొనాలి అనే గొడవ. ఏం కొనాలో చెప్పండి. మెట్రో సౌండ్‌కి ఏఎన్‌సీ ఉన్న బడ్స్ తప్ప దారి లేదు.

మెట్రోలో వినేవాణ్ణి:
ఒప్పుకోను బ్రో. ఈ ధరలో డబ్బా మీద పెద్దగా రాసేది చాలావరకు ఈఎన్‌సీ. అది నీ మైక్‌కి, అవతలివాడికి నీ మాట స్పష్టంగా వినపడడానికి. నీ చెవిలో రైలు రొద తగ్గించేది ఏఎన్‌సీ. ఒక్క అక్షరం తేడాతో జనం మోసపోతున్నారు. నిజమైన ఏఎన్‌సీ ఉన్నా అది ముఖ్యంగా గుయ్యిమనే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాన్నే తగ్గిస్తుంది, పక్కవాళ్ల మాటలూ స్టేషన్ అనౌన్స్‌మెంట్లూ ఆపేది చెవిలో సరిగ్గా బిగిసిన సిలికాన్ టిప్పే. టిప్పు వదులైతే ఎంత ఖరీదైనదైనా బేస్ మొత్తం గాలికి పోతుంది. డబ్బాలో మూడు సైజులిస్తారు, చాలామంది మధ్యది పెట్టుకుని మిగతావి పారేస్తారు. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టేవాళ్లున్నారు, అన్నీ పెట్టి చూసుకోవాలి.

ఇక బడ్స్‌లో వేలెడంత కూడా ఉండని బ్యాటరీ. రెండు మూడేళ్లకి అది చచ్చిందంటే మార్చే వీలుండదు, మొత్తం చెత్తబుట్టకే. అదే కేజడ్ ఈడీఎక్స్ ప్రో లాంటి వైర్‌ది వెయ్యికి అటూ ఇటూ వస్తుంది, మూన్‌డ్రాప్ చూ టూ అయితే రెండు వేల దగ్గర. రెండింటికీ వైర్ ఊడి వస్తుంది, తెగితే వైర్ ఒక్కటే కొనుక్కుంటావు. పాటలో తబలా ఒకవైపు, వయొలిన్ ఒకవైపు విడివిడిగా వినపడ్డం ఈ ధరలో బడ్స్‌లో నేను వినలేదు. ఒకప్పుడు ఇవి నేరుగా చైనా నుంచే తెప్పించుకునేవాళ్లం, 2020 నవంబర్‌లో అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ని బ్యాన్ చేశాక ఇక్కడి దిగుమతిదారుల దగ్గరే కొనాలి. అందుకే మళ్లీ అదే మాట, దిగుమతి చేసినవాళ్ల పేరు డబ్బా మీద ఉందా లేదా చూడు.

టెక్కీ గచ్చిబౌలి:
వైర్ పట్టుకుని రాయదుర్గం రైల్లో పొద్దున తొమ్మిదింటికి నిలబడి చూడు. ఎవరి బ్యాగ్‌కో తగులుకుని చెవి ఊడొస్తుంది. నాకు కాల్స్ ముఖ్యం, జేబులోంచి ఫోన్ తీయకుండా మాట్లాడాలి. అందరికీ వయొలిన్ విడిగా వినపడక్కర్లేదు.

మెట్రోలో వినేవాణ్ణి:
కాల్స్ ముఖ్యమైతే నీకు బడ్సే కరెక్ట్, అందులో వాదన లేదు. ఈ తమ్ముడు అడిగింది క్లాసులూ పాటలూ.

కూకట్‌పల్లి నుంచి:
తమ్ముడి ఫోన్‌కి జాక్ లేదన్నాడు కదా, దానికి అడాప్టర్ ఖర్చు ఎవరూ లెక్కలో వేయలేదు.

గల్లీ భాయ్:
అడాప్టర్ మా గల్లీలో వంద రూపాయలకి దొరుకుతుంది అక్కా.

మెట్రోలో వినేవాణ్ణి:
ఆ వంద రూపాయలదే వద్దంటాను భయ్యా. వాటిలో చాలా వరకు లోపల ఏమీ ఉండదు, ఉత్త తీగ. ఫోనే టైప్ సి నుంచి అనలాగ్ సౌండ్ పంపితే పని చేస్తుంది, చాలా ఫోన్లు పంపవు. గుచ్చితే ఫోన్ స్పీకర్‌లోనే పాట మోగుతుంది. లోపల డాక్ చిప్ ఉన్నది అని అడిగి తీసుకోవాలి, ఫోన్ పంపే డిజిటల్ సిగ్నల్‌ని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్ సౌండ్‌గా మార్చేది అదే. ఆపిల్ టైప్ సి అడాప్టర్‌లో మంచి డాక్ ఉంది, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ బాగా తక్కువగా వస్తుంది, దాన్ని కొనేముందు సొంత ఫోన్‌లో చూసుకోవాల్సిందే. ఈ ఒక్క విషయంలో గల్లీ భాయ్ వైపే నేను. అడాప్టర్ కొనడానికి ఆన్‌లైన్ కంటే షాపే మేలు, గుచ్చి చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

గల్లీ భాయ్:
అట్ల చెప్పు. కానీ ఇయర్‌ఫోన్ సీల్ విప్పి చెవిలో పెట్టి చూడనివ్వరు అనే మాట ఎవరో అంటారని ముందే చెప్తున్నా, డెమో పీస్ పెట్టే షాపులున్నాయి, అడగాలి. టిప్పు మార్చి పెట్టమని కూడా అడగాలి, శుభ్రం ముఖ్యం.

దిల్‌సుఖ్‌నగర్ బ్యాచ్:
అయితే ఇయర్‌ఫోన్ బిల్లు వచ్చేలా ఆన్‌లైన్‌లో, అడాప్టర్ కోఠిలో? మైక్ ఉన్న వైర్ తీసుకోవాలా, లేనిదా? షాపువాడు బిల్లు ఇవ్వనంటే ఏం చేయాలి?

కూకట్‌పల్లి నుంచి:
మైక్ ఉన్నదే తీసుకో, క్లాసులో డౌట్ అడగాలన్నా కావాలి కదా. బిల్లు ఇవ్వనంటే పక్క షాపుకి పో. కొన్నాక గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్, అందుకైనా చేతిలో బిల్లుండాలి. వాల్యూమ్ కూడా చూసుకో తమ్ముడూ. వారానికి 40 గంటలు వినేవాళ్లకి 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మెట్రో రొదని మించి వినాలని అందరూ ఫుల్‌కి పెట్టేస్తారు.

టెక్కీ గచ్చిబౌలి:
నేను ఇంకా బడ్స్ పార్టీయే. తమ్ముడూ, అడాప్టర్ గుచ్చితే ఛార్జింగ్ పెట్టుకునే దారి ఉండదు, సాయంత్రం తిరుగు ప్రయాణానికి బ్యాటరీ ఎంత మిగులుతుందో ముందు లెక్క చూసుకో.

మెట్రోలో వినేవాణ్ణి:
మంచి పాయింటే బ్రో. తమ్ముడూ, రోజూ ఫోన్ సాయంత్రానికి ఎంత శాతంలో ఉంటుందో ఈ వారం చూసి ఇక్కడ రాయి, అప్పుడు మోడల్ ఖాయం చేద్దాం.