మిస్టరీ అంటే రహస్యమా, మర్మమా?

నమస్తే అందరికి. మాది నల్లగొండ. మొన్న రాత్రి మా అక్క బిడ్డ, నేను కూసోని ‘డార్క్’ చూస్తున్నం. జర్మన్ సిరీస్, మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. అడవి పక్క చిన్న ఊరు, పిల్లలు మాయమైతుంటరు, 33 ఏండ్ల కిందటి కథ మళ్ల ముందటికొస్తది. నడుమల ఆపి పిల్ల అడిగింది, ‘‘మామా, మిస్టరీని తెలుగుల ఏమంటరు?’’ అని. రహస్యం అన్న. ‘‘రహస్యమంటే ఎవరో దాచింది కద. ఈడ దాచిందెవరు?’’ అన్నది. రిమోటు చేతులనే ఉండిపోయింది, నాకు జవాబు రాలే.

రెండు రోజులు అదే ఆలోచన. నాకు తోచింది చెప్తున్న, తప్పైతే దిద్దుండ్రి.

మిస్టరీకి మన మాట మర్మం. సంస్కృతంల మర్మమంటే ఒంట్లె ప్రాణం నిలిచే చోటు. పాతకాలం వైద్యుడు సుశ్రుతుడు అసుంటివి 107 లెక్కగట్టిండు. ఆడ తాకితే మనిషే కూలుతడు. బాలనాగమ్మ కథ యాది చేసుకోండ్రి. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవుతల చిలుకల ఉన్నది. ఆ సంగతి తెలిసినంక కథంత తిరగబడ్తది. రహస్యం బయటపడితే అయిపోతది. మర్మం తెలిస్తే మొదటికెళ్లి మళ్ల చూడబుద్ధయితది.

1990ల వచ్చిన అమెరికా సిరీస్ ‘ట్విన్ పీక్స్’ చూడుండ్రి. లారా పామర్ అనే పిల్లను ఎవరు చంపిండ్రన్నది రహస్యం. రెండో సీజన్ నడుమల ఆ పేరు చెప్పేసిండ్రు, చూసేటోళ్లు తగ్గిపోయిండ్రు. కని ఆ అడవిల ఏదో ఉన్నదన్న భయం ఉన్నది చూడుండ్రి, అది మర్మం. నేను ఇప్పటికి దానికోసమే చూస్త. ‘ఎక్స్-ఫైల్స్’ (1993) గూడ అంతే. అండ్ల ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు వింత కేసులు చూస్తుంటరు. మల్డర్ వింతలను నమ్ముతడు, డాక్టర్ స్కల్లీ సాక్ష్యం అడుగుతది. ఇద్దరికి ఎదురుంగ ఉన్నది ఒకటే, చూసే కన్ను వేరే.

తమిళంల ‘మర్మదేశం’ అని సీరియల్ వచ్చింది, నాగా తీసిండు. ఆ పేరు పెట్టినాయనకు దండం పెట్టాలె. అండ్ల మొదటి కథ పేరు ‘రహస్యం’! రహస్యం ఒక కథకు సరిపోయింది, దేశానికి మాత్రం మర్మమే కావాల్సొచ్చింది.

ఇంక మన నల్లగొండ పక్కనున్న పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయంల పడమటి గర్భగుడి గోడ మీద పొద్దంత ఒక నీడ నిలబడి ఉంటది. సూర్యుడు కదిలినా అది కదలదు. ఏ స్తంభం నీడ అని నేను ఒక్కొక్కటి చేత్తోని తడుముకుంట తిరిగిన. ఏ ఒక్కదానిది గాదు. అటిటు నుంచి వచ్చే ఎండ స్తంభాల నడుమ చెదిరి లోపల పడుతదని భౌతికశాస్త్రం తెలిసినోళ్లు విడమరిచి చెప్పిండ్రు. అది విన్నంక మళ్ల పోయిన. అప్పటికన్న ఎక్కువ సేపు నిలబడ్డ. ఈ దిక్కు ఏలిన కుందూరు చోడ రాజుల కాలం శిల్పి దాచిందేం లేదు, అంత కండ్ల ముందటనే ఉన్నది. దీన్ని రహస్యమని ఎట్లంటం?

మహబూబ్‌నగర్ నుంచి జవాబు:
అన్నా, మర్మం మంచిగనే ఉన్నది గని మా దిక్కు నోట్లె ఆడేది మతలబు. ‘‘ఇండ్ల ఏదో మతలబున్నది’’ అంటరు. ఉర్దూల దానికి అర్థం అనే అర్థం. మన దగ్గరికొచ్చి లోపలి ఉద్దేశమైంది. పిల్లలమర్రి కింద నిలబడి ఏది మొదటి మాను, ఏది ఊడ అని చూస్తే మతలబు అనాలనిపించదు, అది ఒప్పుకుంట. మతలబు మనిషికే ఉంటది, చెట్టుకుండదు.

దేవరకొండ నుంచి, రిటైరైన తెలుగు పండితులు:
బాబూ, రహస్యాన్ని అంత తక్కువ చేయకండి. ‘రహస్’ అంటే ఏకాంతం. దాచిపెట్టడం తర్వాత వచ్చిన అర్థం. గీత నాలుగో అధ్యాయం మూడో శ్లోకంలో కృష్ణుడు తాను చెప్పే యోగాన్ని ‘రహస్యం హ్యేతదుత్తమమ్’ అన్నాడు. అది విన్నాక అయిపోయే సంగతి కాదు కదా.

నల్లగొండ నుంచి:
సార్, మీరు చెప్పింది నిజం, ఆ అర్థం నాకు తట్టలే. గ్రంథంల రహస్యం పెద్ద మాట. ఇంట్ల మాత్రం ‘‘ఎవరికి చెప్పకు’’ అన్న కాడికి దిగింది. పిల్ల అడిగింది ఇంటి మాటనే.

మిర్యాలగూడ నుంచి:
తమ్ముడూ, లోగుట్టు మరిచిపోయిండ్రా అందరు? లోగుట్టు పెరుమాళ్లకెరుక అంటది మా అత్తమ్మ, ఏది తెగకపోయినా. 2017ల ‘ట్విన్ పీక్స్’ మళ్ల వచ్చింది, 18 భాగాలు. ఆఖరు భాగం చూసి నేను అదే మాట అన్న.

నల్లగొండ నుంచి:
అక్కా, అది సరిగ్గ కూసున్నది. విప్పుతే కథ తిరగబడేది మర్మం, ఎంత చూసినా మనకు చిక్కనిది లోగుట్టు. ‘డార్క్’ ఇంక ఒక సీజన్ మిగిలింది. అయిపోయినంక పిల్లనే అడుగుత, రెండిట్ల ఏదో.