స్పైక్‌ను ముందు కోయాలా, ముందు వడకట్టాలా?

మెట్టరైతు:
మా షెడ్‌లో రెండు బోరు మోటార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కో పైపుకి 0.5 నుంచి 4.5 వోల్టులిచ్చే ప్రెషర్ సెన్సర్ పెట్టి, ఆర్డ్యునో ఉనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో చదువుతున్నాను. నీళ్లు తగ్గి ప్రెషర్ పడిపోతే మోటారు ఆగాలి, అంతే. కానీ ఒక స్టార్టర్ ఆఫ్ అయిన క్షణంలో రెండో సెన్సర్ రీడింగ్ పైకీ కిందికీ ఎగిరిపడుతోంది. బోరులో నీళ్లున్నా ఆ మోటారు కూడా ఆగిపోతోంది. కరెంటు వచ్చేదే కొన్ని గంటలు, అందులో ఇదొక టెన్షన్.

సెన్సర్ లైన్‌లో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 10 నానోఫారడ్ల కెపాసిటర్ ఉన్నాయి. ఆ తర్వాత పిన్ దగ్గర, వోల్టేజ్ హద్దు దాటితే కోసే రెండు రక్షణ డయోడ్లు. కెపాసిటర్ పెంచమని ఒకరంటున్నారు, అది తీసేసి కోడ్‌లో చూసుకోమని ఇంకొకరు. ఏది సరి?

బిట్టు_కోడ్:
కెపాసిటర్ తీసేయండి అన్నా. ఉనో ఒక్కో రీడింగ్‌కి సుమారు 0.1 మిల్లీసెకను తీసుకుంటుంది. మీ స్పైక్, అంటే వోల్టేజ్ క్షణకాలం ఎగరడం, ఒక మైక్రోసెకనే ఉంటే చెడేది మహా అయితే ఒక్క రీడింగ్. ఐదు రీడింగ్‌లు తీసి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పేర్చి, మధ్యది (మీడియన్) తీసుకోండి. చెడ్డది ఎప్పుడూ ఒక చివరకే పోతుంది. సగటు మాత్రం వద్దు, అందులో ఆ చెడ్డ రీడింగ్ కూడా కలిసిపోతుంది.

షార్ట్‌వేవ్_తాత:
బిట్టూ, నీ మీడియన్ మంచిదే. కానీ కెపాసిటర్ ఉండగా అదెందుకు పనిచేయదో చెప్పకుండా వదిలేశావు. అసలు విషయం అక్కడే ఉంది.

10 కిలో ఓమ్‌లు, 10 నానోఫారడ్లు అంటే టైమ్ కాన్‌స్టంట్, కెపాసిటర్ ఎంత నెమ్మదిగా నిండి ఖాళీ అవుతుందో చెప్పే కొలత, 100 మైక్రోసెకన్లు. 50 వోల్టుల స్పైక్ ఒక మైక్రోసెకను వస్తే కెపాసిటర్ మీద అర వోల్టు ఎగురుతుంది, అది తగ్గడానికి దాదాపు 500 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే ఒక్క రీడింగ్‌ని చెడగొట్టాల్సిన స్పైక్ ఇప్పుడు వరసగా నాలుగైదింటిని చెడగొట్టింది. ఐదింటిలో మధ్యది తీసినా అదీ చెడ్డదే. స్పైక్ వచ్చాక 50 మైక్రోసెకన్లకు మొదటి రీడింగ్ పడిందనుకోండి. వరసగా 303, 107, 38, 13, 5 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. మధ్యది 38, అంటే ఉనో లెక్కలో రీడింగ్ దాదాపు 8 అంకెలు జరుగుతుంది (ఒక్కో అంకె దాదాపు 5 మిల్లీవోల్టులు). కెపాసిటర్ పదింతలు చేస్తే ఎత్తు పదో వంతవుతుంది, పొడవు పదింతలవుతుంది. పిండి ముద్దను చపాతీగా ఒత్తినట్టు. పలచబడుతుందే గాని పిండి తగ్గదు.

రేడియో వాళ్లకు ఇది పాత పాఠం. నేను మోర్స్ కోడ్ వినేటప్పుడు 500 హెర్ట్జ్ వెడల్పు మాత్రమే వదిలే ఇరుకు ఫిల్టర్ వాడతాను. కరెంటు స్తంభం మీద ఇన్సులేటర్ దగ్గర స్పార్క్ ఉంటే సెకనుకు 100 సార్లు టపటపమంటుంది. ఆ ఒక్కో టపాను ఇరుకు ఫిల్టర్ రెండు మిల్లీసెకన్ల మోతగా సాగదీస్తుంది. అందుకే 1936లో జేమ్స్ ల్యాంబ్ క్యూఎస్‌టీ అనే రేడియో పత్రికలో చూపిన నాయిస్ సైలెన్సర్, ఇరుకైన క్రిస్టల్ ఫిల్టర్‌కి ముందే రిసీవర్ నోరు క్షణకాలం మూసేది. స్పైక్‌ను పొట్టిగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. సాగాక అది మామూలు సిగ్నల్‌లాగే కనిపిస్తుంది.

మెట్టరైతు గారూ, మీ డయోడ్లు కెపాసిటర్ తర్వాత ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి 50 వోల్టులు అర వోల్టయిపోయింది, డయోడ్‌కి కోయడానికి ఏమీ మిగల్లేదు. వాటిని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌కి ముందుకు తెచ్చి, వాటికీ ముందు ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. అప్పుడు స్పైక్ కెపాసిటర్‌ని చేరే ముందే సుమారు 5.6 వోల్టుల దగ్గర తెగుతుంది. మీ సిగ్నల్ 2.5 దగ్గరుంటే ఎగిరేది 30 మిల్లీవోల్టులే. అప్పుడు బిట్టు చెప్పిన మీడియన్ దాన్ని ఒక్క అంకె కంటే తక్కువకు దించేస్తుంది.

బిట్టు_కోడ్:
లెక్క ఒప్పుకుంటున్నాను తాతగారూ. కానీ డయోడ్ కోతను ఫిల్టర్ అనుకోకూడదు. ఆ కోత సిగ్నల్‌ని చూడదు, హద్దు దాటిందా లేదా అంతే చూస్తుంది. 3 వోల్టుల దగ్గర సిగ్నల్ ఉంటే 4.5 దాకా ఎగిరే స్పైక్ దానికి కనిపించదు.

షార్ట్‌వేవ్_తాత:
నిజమే, దానికి వేరే మందుంది. మైక్రోసెకనుకు 10 మిల్లీవోల్టులకు మించి కదలని సర్క్యూట్ అనుకో. మైక్రోసెకను స్పైక్ 5 వోల్టులైనా 50 అయినా అది కదిలేది 10 మిల్లీవోల్టులే. పైన చెప్పిన రెసిస్టర్-కెపాసిటర్ జత (ఆర్‌సీ) అయితే 50కి 500 కదులుతుంది. ఆ ఆర్‌సీ దాదాపు 1,590 హెర్ట్జ్ దాకా వదులుతుంది. ఈ సర్క్యూట్ కూడా ఒక వోల్టు సిగ్నల్‌ని సరిగ్గా అక్కడిదాకే వంకర లేకుండా వదులుతుంది. పైపులో ప్రెషర్‌కి సెకనుకు పది మార్పులు చాలు. వేగాన్ని ఇంకా ఎంతో బిగించవచ్చు.

వార్డు_మానిటర్:
ఆసుపత్రి మానిటర్లు రిపేర్ చేస్తాను, ఒక హెచ్చరిక. ఈసీజీలోనూ ఇలా వేగాన్ని పరిమితం చేస్తారు. కానీ పేస్‌మేకర్ ఉన్న రోగికి వచ్చే సన్నటి పల్స్, మిల్లీసెకను అటూ ఇటూ, నాయిస్ కాదు. పేస్‌మేకర్ పని చేస్తోందో లేదో అదే చెప్పాలి. అందుకే కోయడానికి ముందే దాన్ని గుర్తించే దారి విడిగా తీస్తారు. ముందు కోయమని అందరికీ ఒకే మాట చెప్పేయకండి. కోసింది ఇక దొరకదు.

ఇంకొకటి. స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే స్విచ్, అంటే కాంటాక్టర్, దాని కాయిల్ దగ్గర వచ్చేది ఒక్క స్పైక్ కాదు. కాంటాక్ట్ విడిపోయేటప్పుడు మళ్లీ మళ్లీ స్పార్క్ కొట్టి గుంపుగా వస్తాయి. డయోడ్ కోసినా పది కలిస్తే కెపాసిటర్ మీద 300 మిల్లీవోల్టుల దాకా పేరుకుంటుంది. వాటిని మూలంలోనే ఆపాలి. కాయిల్‌కి సమాంతరంగా 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా పెట్టించండి. త్రీఫేజ్ స్టార్టర్ కాయిల్ చాలాచోట్ల 415 వోల్టులది, 250 వోల్టుల కెపాసిటర్ పెడితే పేలవచ్చు. 440 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్నదే కావాలి, మెయిన్ తీశాకే చేయి పెట్టాలి.

మెట్టరైతు:
డయోడ్లు ముందుకు మార్చాను, మీడియన్ కోడ్ ఎక్కించాను. ఈ ఉదయం పక్క స్టార్టర్‌ని ఇరవైసార్లు ఆఫ్ చేసి చూశాను. రెండో మోటారు రెండుసార్లు ఆగింది. ఇంతకుముందు దాదాపు ప్రతిసారీ ఆగేది. ఆ రెండూ గుంపు స్పైక్‌లే అనుకుంటున్నాను. కాయిల్ మీద 415 అని రాసుంది. రేపు ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తున్నాను.