బడిలో ‘సంస్కృతి వారం’: అద్దె వేషాలు సరిపోతాయా, ఊరి సంగతులు చెప్పాలా?

గుంటూరు_అమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

మా పాప నాలుగో తరగతి. వచ్చే నెల వాళ్ల బడిలో ‘మన దేశం, మన సంస్కృతి’ వారమట. ఒక్కొక్కరికి ఒక్కో రాష్ట్రం ఇచ్చారు. వేషం మనమే చూసుకోవాలి, పిల్ల స్టేజీ ఎక్కి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి దిగాలి. మా పాపకి పంజాబ్ వచ్చింది. వేషాలు అద్దెకిచ్చే కొట్టుకెళ్తే సైజు సరిపోయేది లేదు, ఉన్నదానికి పిన్నీసులు పెట్టుకోమన్నాడు. డబ్బుల గురించి కాదు నా బాధ. పిన్నీసులు గుచ్చుకోకుండా నిలబడటం తప్ప ఇందులో పిల్ల నేర్చుకునేదేంటి? పేరెంట్స్ మీటింగులో అడుగుదామనుకుంటున్నా. ‘అయితే ఇంకేం చేయమంటారు?’ అని వాళ్లు తిరిగి అడిగితే చెప్పడానికి నా దగ్గర సరుకు ఉండాలి కదా. టీచర్లు కూడా చెప్పండి.

ప్రైవేటు_టీచర్‌ని

మేడమ్, మా వైపు కూడా వినండి. సెక్షన్‌కి నలభై మంది. సిలబస్ వెనకబడితే అడిగేదీ తల్లిదండ్రులే, ఫంక్షన్‌లో మా బాబు ఫొటో రాలేదేమని అడిగేదీ తల్లిదండ్రులే. పైగా మీరు తేలిగ్గా తీసేస్తున్న ఆ రెండు ముక్కల కోసం, ఏడాదంతా నోరు విప్పని పిల్ల మైకు పట్టుకుంటుంది. అది చిన్న విషయం కాదు.

పంజాబ్ అంటారా, అది ఊరికే ఇచ్చింది కాకపోవచ్చు. 2015లో కేంద్రం ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ పథకంలో ఆంధ్రప్రదేశ్‌కి జోడీ రాష్ట్రం పంజాబే. తెలంగాణకి హర్యానా. పైనుంచి ఆర్డరు వస్తుంది, ఫొటోలు అప్‌లోడ్ చేయమంటారు, మేం చేస్తాం.

కడప_సోషల్_సార్

ఫొటోల కోసం చేసేదాన్ని ఫొటోల పని అనండి, పాఠం అనొద్దు మేడమ్. మైకు భయం పోగొట్టడానికి వేషమెందుకు?

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తా. నేను చేయించేది ఇది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు, మన కావలి బొర్రయ్య లాంటివాళ్లు, రెండొందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర కూర్చుని ఊరి సంగతులు రాసుకున్నారు. ఈ ఊరు ఎట్లా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించినారు, గుడికి ఎవరు మాన్యమిచ్చినారు... అవే కైఫీయత్తులు. కడప జిల్లావి మా బ్రౌన్ గ్రంథాలయం వాళ్లు పుస్తకాలుగా వేసినారు. మా మండలంలో ఒక ఊరి కైఫీయత్తు నుంచి ఒక పేజీ చదివి వినిపిస్తా. అందులో చెప్పిన చెరువులు, గుళ్లు, బావులు ఇప్పుడున్నాయో లేదో పిల్లోళ్లు పోయి చూసుకుని రావాలి. అంతే పని. ఖర్చు, ఒక నోటుబుక్కు.

ఒకసారి గుడి గోడ పక్కనున్న రాతి మీద శాసనం ఉందని తెలిసింది. దాని మీద సున్నం కొట్టేసినారు, పగలు ఏమీ కనపడదు. పొద్దు గుంకినాక సెల్‌ఫోన్ లైటు రాతికి ఆనించి, పక్కనుంచి అడ్డంగా పట్టినాం. అప్పుడు గీతల నీడ పడి అక్షరాలు పైకి తేలినాయి. ఏడో తరగతి పిల్ల ‘శ్రీ’ని పట్టేసింది. దాని ముందు రెండక్షరాలకు అరగంట కొట్లాడుకున్నారు. శాసనాలు ఎక్కువగా ‘స్వస్తిశ్రీ’తోనే మొదలవుతాయని నాకు తెలుసు కానీ చెప్పలే. కొట్లాడుకోనీ అని ఊరుకున్నా.

పదో_తరగతి_నాన్న

బాగుంది సార్, మార్కులెన్ని? మా ఇంటి దగ్గర స్టేషనరీ కొట్టులో ‘కల్చర్ ఆఫ్ ఇండియా’ ప్రాజెక్టు రెడీమేడ్‌గా అమ్ముతున్నారు. చార్టు, బొమ్మల షీటు, స్టిక్ ఫైలు అన్నీ కలిపే. మీ కైఫీయత్తు ప్రాజెక్టు కూడా ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల్లోకి వచ్చిన మరుసటి నెల అదే కొట్టులో దొరుకుతుంది.

వాడ_నుంచి

సోషల్ సార్‌కి ఒక ప్రశ్న. చెరువు ఎవరు తవ్వించారో రాయించారు. ఆ బావిలో ఎవర్ని నీళ్లు తోడుకోనివ్వలేదో రాయించారా? నేను చదువుకునే రోజుల్లో మా టీచరు ‘మీ ఊరి పటం గీయండి’ అన్నారు. అందరూ గుడి, రచ్చబండ, బడి గీశారు. మా ఇళ్లు పేజీ అంచు దాటిపోయాయి. ‘మీ తాత ఏం పని చేసేవాడు’ అని అడిగితే ఒకడు గర్వంగా లేచి చెప్తాడు, ఇంకొకడు బెంచీ కిందకి చూస్తాడు. అద్దె వేషంలో అయినా అందరూ ఒక్కటే కదా, ఆ పూటకి. పంజాబ్ వేషంలో మా పిల్లోడి కులం ఎవడికీ కనపడదు.

కడప_సోషల్_సార్

న్యాయమైన మాట అన్నా. అందుకే ఊరి గురించి అడిగిస్తా గానీ, ఎవరింటి వృత్తీ అడగను. అయినా బావి సంగతి రానే వచ్చింది. ఒక పిల్లోడు వాళ్ల అవ్వ చెప్పినదంతా రాసుకొచ్చినాడు: కడవ కింద పెట్టుకుని, ఎవరైనా పోస్తారా అని ఎండలో నిలబడేదంట. క్లాసులో చదవమని నేను వాన్ని బలవంతం చేయలే. వాడే చదువుతానన్నాడు. ఆ రోజు సివిక్స్‌లో అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 17వ అధికరణ చెప్పడానికి నాకు పుస్తకం తెరవాల్సిన పని పడలే.

వాడ_నుంచి

వాడు చదువుతానన్నాడు కాబట్టి సరిపోయింది సార్. అనని పిల్లలుంటారు. మీలాంటి సార్ ఉన్నచోట సరే, జీవో ఇచ్చి అన్ని బళ్లలో చేయించే పని మాత్రం కాదిది. నేను ఒప్పుకోను.

ఉట్నూరు_పంతులు

మా ఆదిలాబాద్ దిక్కు సంగతి గూడ చెప్తా. గోండు పిల్లలున్న బడిల పండుగ ప్రోగ్రాం అంటే బతుకమ్మ ఒక్కటే చేయిస్తరు. బతుకమ్మ మీద నాకేం కోపం లేదు, తంగేడు పువ్వు మాకూ ఉన్నది. కానీ దీపావళికి గూడెంల దండారి ఆడుతరు. నెమలీకల టోపీ పెట్టుకొని గుస్సాడీలు ఊరూరు తిరుగుతరు. ఆ వారం పిల్లలు బడికి రారు, మేం రిజిస్టర్ల ఆబ్సెంట్ వేస్తం. పుష్యమాసంల కేస్లాపూర్ నాగోబా జాతరప్పుడు గూడ అంతే. మెస్రం వంశపోళ్లు గంగాజలం కోసం కాలినడకన పోయివస్తరు, తాతల ఎంబడి పోయే పిల్లగాళ్లుంటరు. వాళ్లు తిరిగొచ్చినంక ఏ ఊర్ల ఆగిండ్రు, ఎవరు అన్నం పెట్టిండ్రు అని చెప్పమంటే గంట చెప్తరు. అది హాజరు కింద రాసుకుంటే ఏం పోతది?

1940లల్లనే, గోండుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర కాలంల, మా దిక్కు మార్లవాయి ఊర్ల గోండు పంతుళ్లకు ట్రైనింగ్ ఇచ్చి, గోండిల వాచకాలు తయారుచేసిండ్రు. కొత్త ఆలోచన ఏం కాదిది.

నెల్లూరు_బేగం

వేషాలైనా, ఊరి చరిత్రైనా, చివరికి సంక్రాంతి ముగ్గు దగ్గరే ఆగుతున్నారు. మా పాప ముగ్గు వేస్తుంది, దాందేముంది. మా ఊళ్లో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకి హిందువులే ఎక్కువ కనిపిస్తారు. చెరువులో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె అని మార్చుకుంటారు. అనంతపురం వైపు గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకి కూడా అంతే. ఇవి ‘మన సంస్కృతి’ చార్టులో ఎందుకు రావు? రాష్ట్రానికో వేషం అనగానే, ఒక రాష్ట్రంలో ఒకే రకం మనుషులుంటారని పిల్లలు అనుకోరూ?

డాలస్_నాన్న

ఇక్కడ ఆదివారం తెలుగు బడిలో మేమూ వేషాలతోనే మొదలుపెట్టాం. నిలిచింది మాత్రం ఒక్కటే: ఇండియాలో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, ఒక్క ఆట ఎలా ఆడాలో తెలుగులోనే కనుక్కుని వచ్చి క్లాసులో ఆడించాలి. వామనగుంటలకి చింతపిక్కలు దొరక్క రాజ్మా గింజలు వాడాం.

ప్రైవేటు_టీచర్‌ని

ఇవన్నీ చదివాక కూడా నా మాట అదే. సాయంత్రం పూట పిల్లల్ని శాసనం దగ్గరికి తీసుకెళ్తే, దార్లో ఎవరికైనా ఏమైనా అయితే నా ఉద్యోగం పోతుంది. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల వాళ్లకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా కుమ్మరి, వడ్రంగి లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోమని రాశారు. అనుమతి పత్రం ఎవరిస్తారో, బస్సు ఎవరు పెడతారో మాకెవరూ చెప్పలేదు. గేటు దాటకుండా చేసేది ఏదైనా ఉంటే చెప్పండి.

కడప_సోషల్_సార్

ఉంది మేడమ్. రోజూ అసెంబ్లీలో ప్రతిజ్ఞ చెప్పిస్తారు కదా. దాన్ని 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉంటూ రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. మొదట తెలుగులోనే రాసినాడు. సొంతూరు నల్లగొండ జిల్లా అన్నెపర్తి. అందులో ‘బహువిధమైన నా దేశ వారసత్వ సంపద’ అని ఉంది. రోజుకొక పిల్ల తన ఇంట్లోదో వీధిలోదో ఆ సంపదలో ఒక్కటి చెప్పాలి: వంట, పాట, పనిముట్టు, పండగ, ఏదైనా. చెప్పడం ఇష్టం లేకపోతే ‘పాస్’ అనొచ్చు. ఈ ‘పాస్’ మాత్రం తీసేయొద్దు, పైన అన్న చెప్పిన కారణానికే. దీనికి మార్కులు కూడా వేయొద్దు, లేకపోతే స్టేషనరీ కొట్టాయన రెడీ అయిపోతాడు.

గుంటూరు_అమ్మ

మీటింగు శనివారం. ప్రతిజ్ఞ సంగతి, బేగం గారి చార్టు సంగతి రెండూ అడుగుతా. పంజాబ్ మార్చరని తెలిసిపోయింది. మా కాలనీ వెనకాల పంజాబీ లారీ డ్రైవర్లు ఆగే ధాబా ఒకటుంది. పాపని తీసుకెళ్లి, వాళ్ల ఊరి పంటల గురించి ఓ నాలుగు ప్రశ్నలు అడిగిస్తా. అవే రెండు ముక్కలు స్టేజీ మీద చెప్తుంది. నాలుగో తరగతి పిల్ల అడగదగ్గ ప్రశ్నలు ఎవరికైనా తడితే కింద రాయండి. హిందీలో రాస్తే ఇంకా మంచిది, నాది అంతంతమాత్రం.