‘యొరొషికు ఒనెగయ్ ఇతషిమస్’ని తెలుగులో ఏమనాలి?

మా వాడి స్కూల్లో సాంస్కృతిక వినిమయం అని జపాన్‌లోని ఒక స్కూలుతో వీడియో క్లాసులు పెట్టారు. అక్కడి టీచరుగారు తన పరిచయం ముందే రాసి పంపారు, కొద్దిగా జపనీసు వచ్చన్న పాపానికి తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. పేరు మార్చి ఇక్కడ పెడుతున్నాను:

“హజిమెమషితె. తనక తొ మోషిమస్. ఇషికవ-కెన్ నొ కనజవ ని సున్దె ఒరిమస్. షోగక్కో దె ఏగొ ఒ ఒషియెతె ఒరిమస్. ఏగొ వ మద మద దెస్ గ, దోజొ యొరొషికు ఒనెగయ్ ఇతషిమస్.”

చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఏమనొచ్చు?

—

నెట్‌లో కొడితే “దయచేసి నన్ను బాగా చూసుకోండి” అని వస్తోంది. పెట్టేయండి.

—

అది పెడితే ఆవిడని ఎవరో ఆసుపత్రిలో చేర్పిస్తున్నారనుకుంటారండీ :) యొరొషికు అంటే ‘బాగా, తగిన విధంగా’. ఒనెగయ్ అంటే వేడుకోలు. ‘ఏం చేయమని’ అన్నది అందులో ఉండదు, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి పూరించుకోవాలి. కొత్త ఉద్యోగంలో చేరినా, పని అప్పగించినా, ఉత్తరం చివరన్నా, కొత్త సంవత్సరం శుభాకాంక్షలకి తోకగా అన్నా ఇదే మాట. కాబట్టి ఒకే తెలుగు మాట వెతకడం దండగ. క్లాసు మొదట్లో అయితే “మీ అందరి సహకారం కావాలండీ” చాలు. అదే మాటని మీరు మీ వాణ్ణి ఆ టీచరుకి అప్పగిస్తూ అంటే “మావాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండండి” అవుతుంది.

నా మటుకు నాకు చివరి వాక్యం కంటే ముందువే కష్టం. ఆవిడ క్రియలు చూడండి. మామూలుగా ‘అను’కి ఇయు, ‘ఉండు’కి ఇరు, ‘చేయు’కి సురు ఉన్నాయి. ఆవిడ వాటిని వదిలేసి మోసు, ఒరు, ఇతసు వాడారు. మూడూ తనని తాను ఒక మెట్టు కిందికి దించుకునే రూపాలు. ‘తనక తొ మోషిమస్’ని ఉన్నదున్నట్టు చేస్తే “తనక అని మనవి చేసుకుంటున్నాను” అని వస్తుంది, కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకున్నట్టు. తెలుగులో మర్యాద ఎక్కువగా ఎదుటివాళ్లని పైకెత్తడంలోనే ఉంటుంది, మీరు, గారు, రండి అంటూ. మనల్ని దించుకునే క్రియలు రోజువారీ మాటల్లో దాదాపు లేవు. అందుకని ఆ వినయమంతా ‘అండీ’ మీదికి తోసేయడమే దారి.

వాక్య నిర్మాణం మాత్రం మనకి కలిసొస్తుంది. ఆ ‘తొ’ అచ్చం మన ‘అని’ లాంటిదే, క్రియ చివరికే వస్తుంది, ఊరు చెప్పేటప్పుడు పెద్దది ముందు, చిన్నది తర్వాత. ఇషికవ-కెన్ నొ కనజవ అంటే మనం గుంటూరు జిల్లా తెనాలి అన్నట్టే. ఇంగ్లీషు మీదుగా తెలుగు చేస్తే ఇదంతా తల్లకిందులవుతుంది, నేరుగా చేయండి.

—

ఇంతకీ తనకా, తనాకానా? పేపర్లలో తనాకా అనే చూశాను.

—

మూడూ హ్రస్వాలే: త-న-క. పొలం, నడుమ అనే అర్థాలున్న రెండు అక్షరాలతో రాస్తారు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి మనవాళ్లు దీర్ఘాలు తగిలించేస్తారు, అక్కడికి బ్యాంకులో తనఖా పెట్టినట్టు. నిజానికి జపనీసు రాయడానికి ఇంగ్లీషు కంటే మన లిపే నయం. ఒ-ఓ, ఎ-ఏ తేడా మనకి ఉంది, వాళ్లకీ ఉంది. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. ఒక్క దీర్ఘంతో నడివయసావిడ ముసలావిడ అయిపోతుంది! చిక్కల్లా మాట చివర హ్రస్వ ఎ, ఒ రావడం మనకి అలవాటు లేకపోవడమే, అందుకే హజిమెమషితె అనబోతే ‘షితే’ అని సాగుతుంది.

అన్నట్టు వాళ్లకీ ఇంటిపేరే ముందు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం మెయిజీ చక్రవర్తి కాలం (1868–1912) నుంచి తిరగేసి రాయడం అలవాటైంది. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ పత్రాల్లో ఇంగ్లీషులో కూడా ఇంటిపేరే ముందు రాయాలని నిర్ణయించారు. మన బోర్డు మీద రాసేటప్పుడు తిప్పకండి.

—

‘మద మద దెస్ గ’ ఏం చేశారు? “నాకు ఇంగ్లీషు ఇంకా సరిగా రాదు గానీ” అని పెడితే మన పేరెంట్సు ఊరుకోరు, రానావిడ చేత ఇంగ్లీషు చెప్పిస్తారా అంటారు.

—

మంచి మాట. అది పదిరకాలు వండిపెట్టి “ఏదో పచ్చడి మెతుకులండీ” అనడం లాంటిది, ఎవరూ నిజమనుకోరు. “ఏదో నాకు వచ్చినంతలో” అంటే సరిపోతుంది. నేనైతే ఇలా పెడతాను:

“అందరికీ నమస్కారమండీ. మనం కలుసుకోవడం ఇదే మొదటిసారి. నన్ను తనక అంటారు. ఇషికవ ప్రాంతంలోని కనజవలో ఉంటాను. ప్రైమరీ స్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్తుంటాను, ఏదో నాకు వచ్చినంతలో. మీ అందరి సహకారం కావాలండీ.”

—

బావుంది, ఇదే పంపిస్తాను. ఇంకొక్కటి, “నేను తనక సెన్‌సేని” అని ఎందుకు రాయలేదావిడ? టీచరే కదా.

—

సెన్‌సే ఎదుటివాళ్లు పిలవాల్సిన మాట. పెద్దవాళ్ల మధ్య తన వృత్తి చెప్పాలంటే క్యోషి అంటారు. మనం మన పేరుకి గారు తగిలించుకోం కదా. కానీ చిన్నపిల్లల క్లాసులో మాత్రం టీచర్లు తమని తామే సెన్‌సే అనుకుంటారు, మనింట్లో “అమ్మ చెప్తోంది కదా, విను” అని అమ్మే అన్నట్టు. వీడియోలో పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆవిడ నోట ఆ మాట వస్తే కంగారుపడి ‘నేను’ని ‘గురువుగారు’ చేయకండి, “టీచర్ చెప్తాను, వినండి” అనేయండి.