జాండిస్‌లో ‘డి’ ఎక్కణ్ణుంచి వచ్చింది?

పెరంబూరు నాన్న: మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. ‘జాండిస్డ్ ఐ’ అంటే ఏమిటని అడిగితే, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అనే సామెత చెప్పి గట్టెక్కాను. అసలు జాండిస్ అన్న మాట ఎక్కడిది? మొహం పసుపుగా పాలిపోతే ఇంగ్లీషులో ‘సాలో’ అంటారే, అదీ ఇదేనా?

టీనగర్ రమ: మాట సంగతి తర్వాతండీ. పోయినేడు మావారికి వచ్చింది. ట్యూబ్‌లైటు కింద నాకేం తెలియలేదు. పొద్దున బాల్కనీలో చూద్దును కదా, కళ్లు నిమ్మపండు రంగు!

ల్యాబ్ శీను: 22 ఏళ్లుగా ఇదే పని నాది. కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం బిలిరుబిన్. అది డెసిలీటరు రక్తానికి 2 మిల్లీగ్రాములు దాటితే గానీ కంటికి ఆనదు. రంగు చూసి చెప్పేస్తామనేవాళ్లను నమ్మకండి.

నిఘంటు పురుగు: ఫ్రెంచిలో ‘జోన్’ అంటే పసుపు. అందులోంచి వచ్చిన ‘జోనిస్’ ఇంగ్లీషులోకి దిగాక మధ్యలో ‘డి’ దూరింది. ‘థండర్’లో ‘డి’ కూడా అలా దూరిందే.

అడయారు అబ్బాయి: మనం పచ్చకామెర్లు అనడమే తప్పు. పచ్చంటే గ్రీన్. తమిళంలో చూడండి, మంజళ్ కామాలై, శుభ్రంగా పసుపు.

నిఘంటు పురుగు: గుడ్డులో పచ్చసొన ఏ రంగు బాబూ?

అడయారు అబ్బాయి: పచ్చగడ్డి ఏ రంగు సార్?

నిఘంటు పురుగు: రెండూ పచ్చే! ‘జోన్’కి మూలమైన లాటిన్ ‘గల్బినస్’ కూడా పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగే. తమిళం కొలబద్దతో తెలుగును కొలవకు.

టీనగర్ రమ: పచ్చడి ఊసు మాత్రం ఎత్తకండి. నెలరోజులు ఆవకాయ జాడీ దాచలేక చచ్చాను.

మైలాపూరు మామ్మ: మా తమ్ముడికి కీళానెల్లి, అదే మన నేల ఉసిరి, పసరు పోస్తే వారంలో తగ్గింది. ఏ ల్యాబూ లేదు.

ల్యాబ్ శీను: తనంతట తగ్గే రకమై ఉంటుంది మామ్మగారూ. పిత్తనాళంలో రాయి అడ్డుపడితే పసరేం చేస్తుంది?

మైలాపూరు మామ్మ: నువ్వు పుట్టకముందు మాట నాయనా అది!

పెరంబూరు నాన్న: అయ్యా, సాలో...

నిఘంటు పురుగు: అది వేరు. పాత ఇంగ్లీషులో మసక రంగని అర్థం. మురికి అనే ఫ్రెంచి మాట ‘సాల్’ దానికి చుట్టం. ఇంగ్లీషులో సాలో అని విల్లో జాతి చెట్టూ ఉంది, దీనికి సంబంధం లేదు. అన్నట్టు గ్రీకు ‘ఇక్టెరోస్’ అంటే కామెర్లూ, ఒక పచ్చపిట్టా. రోగి ఆ పిట్టను చూస్తే జబ్బు పోయి పిట్ట చస్తుందని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

అడయారు అబ్బాయి: పచ్చపిట్టంటే చిలకా సార్?